ఆ వేదిక ఎక్కొద్దు

పరిణామ సిద్ధాంతం మీద సృష్టివాదులతో శాస్త్రవేత్తలు బహిరంగ చర్చకి దిగాలా? వద్దనే అంటాను. ఒకసారి దిగి చూశాను కాబట్టి అంటున్నాను.

ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో మా కాలేజీ ఫెస్ట్‌లో ఇదే అంశం మీద డిబేట్ పెట్టారు. డార్విన్ తరఫున నేను. అవతల మా సీనియర్ ఒకాయన, మంచి మాటకారి. మూడు నిమిషాల్లో ఎనిమిది ప్రశ్నలు వేశాడు. సగం కన్ను వల్ల లాభమేంటి? మధ్యరకం శిలాజాలేవి? కోతులింకా ఎందుకున్నాయి? ఇలా. మనిషి ఇప్పటి కోతుల నుంచి రాలేదు, ఇద్దరికీ పూర్వీకులు ఒకరే అని నేను విడమర్చి చెప్పేసరికి బెల్లు మోగింది. మిగతా ఏడూ అలాగే ఉండిపోయాయి. చప్పట్లు ఆయనకే. కిందకి దిగాక జూనియర్ ఒకడొచ్చి "అన్నా, రెండు వైపులా పాయింట్లున్నాయి కదా" అన్నాడు. ఓడిపోవడం ఎప్పుడో మర్చిపోయాను గానీ ఆ మాట మర్చిపోలేదు. హాల్లోకి వచ్చేముందు వాడికి రెండో వైపు ఉందనే తెలీదు. దానికి కుర్చీ వేసి కూర్చోబెట్టింది నేనే.

ఈ పద్ధతికి ఒక పేరుందని తర్వాత తెలిసింది: గిష్ గ్యాలప్. డ్వేన్ గిష్ అనే అమెరికన్ సృష్టివాది చర్చల్లో ఇలాగే ప్రశ్నల వరద పారించేవాడు. యూజీనీ స్కాట్ 1994లో దానికా పేరు పెట్టారు. అష్టావధానం చూసినవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు: పృచ్ఛకులు ఎనిమిది మందీ అప్రస్తుత ప్రసంగమే చేస్తే ఎలా ఉంటుందో, అదీ. తప్పుడు మాట అనడానికి పది సెకన్లు చాలు, దాన్ని విప్పి చూపించడానికి పది నిమిషాలు కావాలి. గడియారం మాత్రం ఇద్దరికీ ఒకటే.

"నువ్వు సరిగ్గా ప్రిపేర్ అవలేదు" అంటారా? సరే, బాగా ప్రిపేర్ అయినవాడినే చూద్దాం. 2014 ఫిబ్రవరి 4న బిల్ నై, కెన్ హామ్‌తో చర్చకి వెళ్ళాడు. వేదిక ఎక్కడ? కెంటకీలో హామ్ సంస్థ కట్టిన క్రియేషన్ మ్యూజియంలోనే. నై బాగానే మాట్లాడాడు. మీ అభిప్రాయం ఏం చూస్తే మారుతుందని అడిగితే, ఆధారం చూపిస్తే చాలన్నాడు. హామ్ మాత్రం తన విశ్వాసాన్ని ఏదీ మార్చలేదని తేల్చేశాడు. చర్చ నిజంగా అక్కడితో అయిపోవాలి. అవలేదు. అదే నెలాఖరులో హామ్ తన నోవా ఓడ పార్కుకి బాండ్ల ద్వారా కావలసిన డబ్బు సమకూరిందని ప్రకటించి, ఈ చర్చ కూడా అందుకు సాయపడిందన్నాడు. 2016 జులైలో ఆ ఓడ తెరుచుకుంది. 510 అడుగుల పొడవు. వాదనలో ఎవరు నెగ్గారో మీరే చెప్పండి.

మరి జవాబు చెప్పకుండా తప్పించుకోవాలా? కానే కాదు. చోటు ముఖ్యం అంటున్నాను. 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్ స్కూలు బోర్డు కేసు కోర్టుకెళ్ళింది. అక్కడ బెల్లు లేదు, చప్పట్లు లేవు. ఒక ప్రశ్న వేస్తే దాని అంతు తేలేదాకా ఆగాల్సిందే. రోగనిరోధక వ్యవస్థ ఎలా పరిణమించిందో సైన్సు చెప్పలేదని రాసిన మైకేల్ బీహీ ముందు లాయరు 58 పరిశోధన పత్రాలూ పుస్తకాలూ పేర్చాడు. అవి చాలవన్నాడు బీహీ. తన నిర్వచనం ప్రకారం జ్యోతిషం కూడా శాస్త్రీయ సిద్ధాంతమే అవుతుందని కూడా అక్కడే ఒప్పుకోవాల్సి వచ్చింది. 'ఇంటెలిజెంట్ డిజైన్' సైన్సు కాదని డిసెంబరు 20న జడ్జి జాన్ జోన్స్ తీర్పిచ్చాడు. కోడ్ రివ్యూలో ఎంత అందంగా మాట్లాడినా టెస్టు ఫెయిలైతే ఫెయిలే. సైన్సుకి కావలసింది అలాంటి చోటు.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. 2018 జనవరిలో కేంద్ర సహాయమంత్రి సత్యపాల్ సింగ్ డార్విన్ తప్పన్నాడు. విమర్శలు రాగానే అంతర్జాతీయ సదస్సు పెట్టి తేల్చుకుందాం అన్నాడు. అదే ఆహ్వానం, అదే కుర్చీ. మన శాస్త్రవేత్తలు ఆ కుర్చీ ఎక్కలేదు. మూడు జాతీయ సైన్సు అకాడమీలూ కలిసి ఒక ప్రకటన ఇచ్చి ఊరుకున్నాయి. అదే సరైన పని. మరుసటి ఏడాది జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో డార్విన్ కంటే దశావతారాలే మెరుగైన సిద్ధాంతం అన్నది మన ఆంధ్రా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరే. సైన్సు వేదిక అనే గౌరవం లేకపోతే ఆ మాట వార్తయ్యేది కాదు.

నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. 2023లో ఎన్‌సీఈఆర్టీ పదో తరగతి పుస్తకం నుంచి పరిణామ పాఠాన్ని తీసేసింది. పదయ్యాక ఎంపీసీలో చేరే పిల్లలకి డార్విన్ మళ్ళీ కనిపించడు. నేనూ ఎంపీసీనే. ఆ రోజు వేదిక మీద నా దగ్గరున్న సరుకంతా పదో తరగతిదే. పోట్లాడాల్సింది ఆ పాఠం కోసం. తీసెయ్యొద్దని 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలూ టీచర్లూ ఉత్తరం రాశారు. స్టేజీ మీద నెగ్గాలన్న ఉబలాటం ఉన్నవాళ్ళు ఆ ఓపికని అక్కడ ఖర్చుపెట్టండి.

ఆ జూనియర్ ఇప్పుడెక్కడున్నాడో తెలీదు. ఆ రోజు స్టేజీ ఎక్కేబదులు వాణ్ణి క్యాంటీన్లో కూర్చోబెట్టుకుని రోజుకో ప్రశ్న చొప్పున మాట్లాడుకుని ఉంటే, ఎనిమిది టీలతో పోయేది.