క్రీడాకారుని దేహము దేశధనము

పరాధీనదశయందు మన పెద్దలు గ్రంథాలయములతోపాటు వ్యాయామశాలలను నెలకొల్పిరి. మనస్సునకు చదువెంత యవసరమో దేహమునకు సాధన యంత యవసరమని వారి నిశ్చయము. కోడి రామమూర్తినాయుడుగారి బాహుబలమును చూచి ఆంధ్రయువకులు ఛాతి విరుచుకొని నిలిచిన కాలమది. స్వరాజ్యము సిద్ధించిన పిమ్మట 1961లో పటియాలాలో జాతీయ క్రీడాసంస్థ వెలసినది. 2000లో సిడ్నీ ఒలింపిక్సునందు కరణం మల్లీశ్వరిగారు మొత్తము 240 కిలోలనెత్తి కాంస్యపతకము గొనివచ్చిరి. ఇంత జరిగినను మన పట్టణములందలి మైదానములలో శిక్షణ పెక్కుచోట్ల నేటికిని ఒక్క సూత్రముమీదనే నడచుచున్నది: ఎంత చెమటయో అంత బలము, నొప్పియన్నవాడు పిఱికి. ఈ సూత్రము తప్పని శాస్త్రము తేల్చియున్నది. దానివలన ఏటేట ఎందఱో బిడ్డలు ఆటకు దూరమగుచున్నారు గనుక, ఈ విషయము సంపాదకీయమునకు తగినదేయని మా యభిప్రాయము.

సాధన చేయుచున్నపుడు కండరము బలపడదు, అలయును. బలపడుట ఆ తరువాతి నిద్రయందును, ఆహారమునందును, విశ్రాంతియందును జరుగును. భారమును కొంచెము కొంచెముగా పెంచినచో దేహము దానికి తగినట్లు తన్నుతాను దిద్దుకొనును. ఒక్కమారుగా పెంచినచో కండరము చిట్లవచ్చును, ఎముక బీటవారవచ్చును. జిల్లా పోటీలకు పది దినములు ముందు మేల్కొని పిల్లలను రెండింతలు పరుగెత్తించు శిక్షకుడు పతకమును కాదు, గాయమును సిద్ధపఱచుచున్నాడు.

ఈ క్రమవృద్ధి మర్మమును చికిత్సలో నిలిపినది యుద్ధకాలము. రెండవ ప్రపంచసంగ్రామమున చికాగోనందలి సైనికాసుపత్రిలో థామస్ డెలార్మ్ అను వైద్యుడు, మోకాలు చెడిన సైనికులను మంచమున పరుండబెట్టుటకు మాఱుగా వారిచే బరువులెత్తించి, ఆ బరువును క్రమముగా పెంచుచు పోయెను. కాళ్లు త్వరగా బలము పుంజుకొనెను. 1945లో ఆయన ప్రకటించిన ఆ పద్ధతి నేటి చికిత్సకు పునాదులలో నొకటి. గాయమునకు మందు కేవల విశ్రాంతి కాదు, మొండిపట్టుదలయు కాదు. కొలిచి యిచ్చిన శ్రమ.

గాయమును మాన్పుటకన్న రానీయకుండుట మేలు. నార్వే దేశమున 13 మొదలు 17 ఏండ్ల ప్రాయముగల ఫుట్‌బాలు బాలికలను 1,892 మందిని రెండు పక్షములుగా పరీక్షించిరి. ఒక పక్షమువారు ఆటకు ముందు 20 నిమిషములు పరుగు, గంతు, ఒంటికాలి నిలుకడ, కండరబలము సాధన చేసిరి. రెండవ పక్షమువారు వాడుక చొప్పున ఆడిరి. 2008లో వెలువడిన ఫలితముల ప్రకారము మొదటి పక్షమున గాయములు సుమారు మూడవవంతు తగ్గెను. తీవ్రగాయములు దాదాపు సగము తగ్గెను. దీనికి యంత్రములు అక్కఱలేదు. మన చెడుగుడు బరి ప్రక్కనే చేయదగిన పని యిది.

గాయమైన పిమ్మట మనయొద్ద జరుగునదేమి? కూతకు పోయినవాని మోకాలు మెలిపడును. ప్రక్కవారు కాలిని పట్టి లాగుదురు. వేడినూనెతో మర్దన చేయుదురు. మఱునాటికి వాపు హెచ్చును. కట్టు కట్టువారి నేర్పును మేము చులుకన చేయము. విరిగిన యెముకను కదలనీయకుండుట వైద్యమే. కాని మోకాలిలోని బంధనము, ఆటగాండ్రు లిగమెంటని పిలుచునది, తెగినదో లేదో శిక్షణలేని చేతికి అంతుపట్టదు. వాపు తీసిన వారమునకే పిల్లవాడు మరల బరిలో దిగును. రెండవమారు పడినపుడు ఆట ముగియును.

2016లో ప్రకటితమైన యొక పరిశోధనలో, మోకాలి బంధనమునకు శస్త్రచికిత్స పొందిన 106 మందిని రెండేండ్లు గమనించిరి. బలపరీక్షలలోను గంతుపరీక్షలలోను నెగ్గకయే ఆటకు మరలినవారిలో నూటికి 38 మందికి మోకాలు మరల గాయపడెను. నెగ్గి మరలినవారిలో నూటికి ఆర్గురికన్న తక్కువమందికే. తొమ్మిది నెలలు నిండువఱకు, ఆగిన ప్రతి మాసమును అపాయమును దాదాపు సగమునకు తగ్గించెను. 1994లో మోకాలు దెబ్బతినిన పుల్లెల గోపీచందుగారు 2001లో ఆల్ ఇంగ్లండు విజేతలైరి. 2022లో కామన్వెల్తు స్వర్ణము గెలిచిన పి.వి. సింధుగారు, చీలమండ యెముక బీటవారుటచే ఆ యేటి ప్రపంచపోటీలను వదలుకొని, 2023 జనవరిలో మరల ఆటకు వచ్చిరి. ఆగుట పిఱికితనము కాదనుటకు వేఱు సాక్ష్యమేల?

వారికి వైద్యులుండిరి, కూలివాని బిడ్డకెవరున్నారని కొందఱడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనది. కర్మాగారమున పనివానికి గాయమైనచో యజమాని నష్టపరిహారమీయవలెనని 1923లోనే శాసనము పుట్టినది. పండుగ పందెములకు చందాలు వసూలుచేసి, బహుమానమునకు వేలు ప్రకటించువారు, బరిలో పడిన పిల్లవానికి ఆటో కిరాయి యిచ్చి చేతులు దులుపుకొనుట యే న్యాయము? జయమున భాగము కోరినవారు గాయమునను భాగము వహింపవలెను.

మేము కోరునవి పెద్దకోరికలు కావు. పోటీలు నడపు ప్రతి సంఘమును చందాలలో పదవవంతును గాయనిధిగా వేఱుచేయవలెను. ప్రతి వ్యాయామోపాధ్యాయుడును ఆ 20 నిమిషముల సాధనను తాను నేర్చి పిల్లలకు నేర్పవలెను. తెలిసిన వైద్యుడో, ఫిజియోథెరపిస్టో పరీక్షించి సరేయనువఱకు గాయపడినవానిని జట్టులో చేర్చరాదు. ఇందుకై జిల్లా ఆసుపత్రులు వారమున కొకపూట క్రీడాకారులకు కేటాయింపవలెను. పఠనమందిరమున దీనిని చదువు పెద్దలు తమ యూరి సంక్రాంతి పందెములకు ముందే సంఘమువారిని పిలిచి, గాయనిధి యెక్కడనని అడుగుదురుగాక. దేశము పతకములను కోరుచున్నది. ఆ పతకములు తేవలసిన బిడ్డల మోకాళ్లను కాపాడు భారము మనది.