భీమిలిలో సముద్రం చివరికి
విశాఖ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని పిల్లలతో భీమిలి వెళ్లేవాళ్లలో చాలామందికి ఇసక, కాల్చిన మొక్కజొన్న పొత్తు, నాలుగు సెల్ఫీలతోనే ఊరు అయిపోతుంది. అలలు కంటపడ్డాక ఏ పిల్లాడూ చరిత్ర వినడు కాబట్టి, సముద్రాన్ని చివరికి ఉంచుకొమ్మంటాను. ముందు డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి తీసుకెళ్లండి. దెయ్యాల గురించి అడుగుతారు, అడగనివ్వండి. ఆ వెనకే అసలు ప్రశ్న వస్తుంది: ఎక్కడి హాలండు, ఎక్కడి భీమిలి, వీళ్లు ఇంత దూరమొచ్చి ఇక్కడెందుకు చచ్చిపోయారు? మన నేతగాళ్లు నేసిన గుడ్డల వ్యాపారం గురించి చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. ఆ గుడ్డల కోసం ఓడలెక్కి వచ్చినవాళ్లే 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్లకు అప్పగించి వెళ్లిపోయారు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు ఇది. ఓపికుంటే ఎండ ముదరకముందే పావురాళ్లకొండ ఎక్కించండి. బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు ఇంకా ఉన్నాయి. నీళ్లు ఎలా నిలవచేశారో పిల్లల్నే ఊహించనివ్వండి, మీరు గైడు అవతారం ఎత్తకండి. చంటివాళ్లుంటే కొండ మానేసి ఇసకలోకి వదిలేయండి. నీళ్లలోకి మాత్రం చెయ్యి పట్టుకునే దింపండి.