దిండు కడితే నడుము నొప్పి పోతుందా?



అడ్డతీగల సంతరోజున రోడ్డు పక్కన కాసేపు నిలబడి, ఆపి ఉంచిన స్కూటర్ల సీట్లను గమనించండి. ఒకదానిపై మడత పెట్టిన పాత బొంత ఉంటుంది. మరొకదానిపై పరుపులోంచి కోసిన స్పాంజి ముక్కను సైకిలు ట్యూబుతో బిగించి ఉంటారు. ఇంకొకదానిపై బూరుగు దూది కుక్కిన దిండు కనిపిస్తుంది. వీటిని చూసి నవ్వేవారున్నారు. నేను నవ్వను. ఆ ప్రతి బొంత వెనుకా ఒక నొప్పి ఉంది, ఆ నొప్పిని ఎవరూ పట్టించుకోకపోతే తన తిప్పలు తానే పడిన ఒక మనిషి ఉన్నాడు. అయితే ఆ నొప్పికి ఎంచుకున్న మందు తప్పు. ఆ మాటను నిర్మొహమాటంగా చెప్పడానికే ఈ వ్యాసం.

ఏలేశ్వరం దాటి కొండల్లోకి ఎక్కే దారిలోనూ, ఇక్కడి నుంచి వై.రామవరం, రాజవొమ్మంగి వైపు పోయే దారుల్లోనూ స్కూటరు విలాస వస్తువు కాదు. టీకాల పెట్టె తగిలించుకుని గూడేలకు తిరిగే ఆరోగ్య కార్యకర్తకు, బడికి పోయే ఉపాధ్యాయురాలికి, చింతపండు మూటలు మోసే చిరువ్యాపారికి అది బతుకుతెరువు. స్కూటరు చక్రాలు పది, పన్నెండు అంగుళాలవి. మోటారు సైకిలు పెద్ద చక్రం దాటిపోయే గుంతలో ఇవి దిగబడతాయి. ఆ దెబ్బ నేరుగా సీటుకు, అక్కడి నుంచి వెన్నుకు చేరుతుంది.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. నడుము నొప్పితో వచ్చిన ఎందరికో నేను నొప్పి మాత్రలు రాసి పంపాను. 'మీరు రోజూ దేనిమీద, ఎంతసేపు కూర్చుంటున్నారు?' అన్న ప్రశ్న అడగలేదు. ఒకనాడు ఒక ఆరోగ్య కార్యకర్త మూడోసారి వచ్చింది. ఆమెను సాగనంపుతూ బయటికి వచ్చి చూస్తే, స్కూటరు సీటుపై నాలుగు మడతల బొంత. "మెత్తగా ఉంటుందని వేశానండీ. కానీ నడుము నొప్పికి తోడు ఇప్పుడు తోక ఎముక కూడా నొప్పి" అంది. ఆమె స్కూటరు ఎక్కినప్పుడు కాలి బొటనవేళ్లు మాత్రమే నేలకు ఆనాయి. నా మాత్రలు ఎందుకు పనిచేయలేదో అప్పుడు బోధపడింది.

మెత్తదనమే సుఖమన్న నమ్మకాన్ని నేను ఖండిస్తున్నాను. కూర్చున్నప్పుడు మన బరువును మోయవలసినవి పిరుదుల అడుగున ఉన్న రెండు గట్టి ఎముకలు. అతి మెత్తటి స్పాంజిలో అవి కూరుకుపోతాయి. అప్పుడు బరువు మోయడానికి తగని చోట్ల, అంటే రెండు తొడల నడుమ ఉన్న నరాలపైనా, వెన్ను చివరి తోక ఎముకపైనా ఒత్తిడి పడుతుంది. నడుము సహజమైన వంపు కోల్పోయి వెనక్కు గుండ్రంగా వంగుతుంది. వెన్నుపూసల నడుమ ఉన్న డిస్కులపై భారం పెరుగుతుంది. కూర్చోగానే కలిగిన హాయి, అరగంట గడిచేసరికి తిమ్మిరిగా మారుతుంది.

రెండవ కారణం కంపనం. కూర్చున్న మనిషి మొండెం సెకనుకు సుమారు 4 నుంచి 8 సార్లు పైకీ కిందికీ ఊగే కుదుపులకు ఎక్కువగా లోనవుతుంది. శరీరానికి తగిలే కంపనాలను లెక్కగట్టే అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 2631 ఆ శ్రేణికి అధిక ప్రాధాన్యం ఇచ్చింది. మందపాటి మెత్తటి స్పాంజి కూడా ఇంచుమించు అదే వేగంతో ఊగుతుంది. అందువల్ల కుదుపు తగ్గడానికి బదులు పెరగవచ్చు. పెద్ద గుంత వచ్చినప్పుడు ఆ స్పాంజి పూర్తిగా అణిగిపోయి, కిందనున్న గట్టి పలక దెబ్బ యథాతథంగా వెన్నుకు తగులుతుంది.

మూడవ కారణం ప్రాణానికి సంబంధించినది. చాలా స్కూటర్ల సీటు నేల నుంచి దాదాపు 76 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. దానిపై మరో అయిదు సెంటీమీటర్లు పేర్చితే పొట్టివారి పాదం నేలకు అందదు. వాలు దారిలో, వెనుక మనిషిని కూర్చోబెట్టుకుని, వానకు తడిసిన మట్టిపై ఆగవలసి వచ్చినప్పుడు ఆ అయిదు సెంటీమీటర్లే బండిని పక్కకు పడవేస్తాయి. బ్రేకు వేయగానే వదులుగా కట్టిన దిండు జారుతుంది, దానితోపాటు మనిషీ జారతాడు. వెనుక ఒకవైపుకు కూర్చున్న స్త్రీకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

'అలవాటైతే అదే సర్దుకుంటుంది' అని చెప్పే పెద్దమనుషులకూ ఒక మాట. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనికులు వేలాదిగా తోక ఎముక వద్ద చీము పట్టే వ్యాధితో ఆసుపత్రుల పాలయ్యారు. 1944లో లూయీ బ్యుయీ అనే వైద్యుడు దానికి 'జీపు వ్యాధి' అని పేరు పెట్టారు. జీపు ఒక్కటే కారణం కాదని, చర్మంలోకి చొచ్చుకుపోయే వెంట్రుకలకు ఈ కుదుపు, చెమట, రాపిడి తోడవుతాయని ఆ తరువాత వైద్యులు గ్రహించారు. కండలు తిరిగిన యువ సైనికులకే అలవాటు కానిది, అయిదు పదుల వయసున్న ఆశా కార్యకర్తకు ఎలా అలవాటవుతుంది?

మరి ఇంట్లో సీటు బాగుచేసుకోకూడదా? తప్పక చేసుకోవచ్చు. అయితే పైన పేర్చడం మానండి, లోపల సరిదిద్దండి. మొదట టైర్లలో గాలి కంపెనీ సూచించినంతే ఉందో లేదో చూడండి. షాక్ అబ్జార్బరు నూనె కారుతుంటే మార్పించండి. సగం నొప్పులు ఇక్కడే తగ్గవచ్చు. తరువాత గట్టి బల్లపై ఒక అట్టపెట్టె ముక్క వేసి, కాసేపు కూర్చుని లేవండి. రెండు గుంటలు పడతాయి. వాటి నడుమ దూరం సాధారణంగా 10 నుంచి 14 సెంటీమీటర్లు ఉంటుంది. మీ సీటులో బలమైన ఆధారం కావలసిన చోటు అదే.

రెగ్జిన్ కవరు పిన్నులు జాగ్రత్తగా ఊడదీసి, ఆ చోట పాత స్పాంజిని రెండు, మూడు సెంటీమీటర్ల లోతున కోసి తీయండి. తీసినంత మేరకే గట్టి రీబాండెడ్ ఫోమ్ నింపి, పైన ఒక సెంటీమీటరు మెత్తటి పొర పరచండి. ఎత్తు పెద్దగా పెరగదు, ఆధారం పెరుగుతుంది. సీటు ముందుకు వాలి ఉంటే సమతలం చేయండి. తోక ఎముక నొప్పి ఉన్నవారు వెనుక మధ్యభాగంలో కొద్దిగా పల్లం ఉంచుకోవాలి. వానాకాలంలో స్పాంజి నీరు తాగి చర్మవ్యాధులకు నెలవవుతుంది కనుక కవరు కింద ప్లాస్టిక్ పొర వేయండి. కుట్లు కూర్చునే చోటికి రాకూడదు. చివరగా సీటు లాక్ పడుతున్నదా, రెండు పాదాల ముందుభాగమూ నేలకు ఆనుతున్నదా చూసుకోండి. ఈ పని చేతకాకపోతే, ఈ కొలతలనే సీట్లు కుట్టే పనివానికి చెప్పండి. 'మెత్తగా కుట్టు' అని మాత్రం చెప్పకండి.

ఇంతటితో నా ఫిర్యాదు ముగియలేదు. 2002లో ఐరోపా సమాఖ్య, పనిలో శరీరమంతటికీ తగిలే కంపనానికి హద్దు విధించింది. ఎనిమిది గంటల పనిదినానికి లెక్కగట్టి, అది సెకను వర్గానికి 0.5 మీటర్లు దాటితే యజమాని చర్య తీసుకోవాలనీ, 1.15 మీటర్లను మించనే కూడదనీ శాసించింది. అంటే కుదుపు కార్మికుని తలరాత కాదు, యజమాని బాధ్యత. కొండ దారుల్లో మనుషులను తిప్పి పని చేయించుకునేవారు ఇక్కడ ఆ బాధ్యతను బొంతకు అప్పగించారు. పెట్రోలు ఖర్చు లెక్కించేవారు వెన్నెముక ఖర్చునూ లెక్కించాలి.

చివరిగా ఒక హెచ్చరిక. తొడల నడుమ, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా లేక తెలియకుండా పోతున్నా, కాళ్లలో బలం తగ్గినా అది సీటుతో తీరే సమస్య కాదు. వెన్ను దిగువ నరాలు నొక్కుకుపోయాయనడానికి అవి సంకేతాలు. మరునాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతం కావచ్చు.

ఆ ఆరోగ్య కార్యకర్త బొంత తీసివేసింది, సీటు సరిచేయించుకుంది. నొప్పి పూర్తిగా పోలేదు, ఎందుకంటే గుంతలు అలాగే ఉన్నాయి. కానీ ఇప్పుడు ఆమె పాదాలు నేలకు ఆనుతున్నాయి, మాత్రలు తగ్గాయి. ఈ సాయంత్రం మీ స్కూటరు దగ్గరకు వెళ్లి, సీటును బొటనవేలితో గట్టిగా నొక్కండి. వేలికి అడుగునున్న పలక తగిలితే, రేపటి ప్రయాణానికి ముందే దాని సంగతి చూడండి.