గోడకు వ్రేలాడు తుపాకులు

జనగామ ప్రాంతమువాడైన మా పూర్వశిష్యుడొకడు పట్టణమున ధనమార్జించి, స్వగ్రామమున పెద్దయిల్లు కట్టించుకొని, దసరా సెలవులలో మమ్ము భోజనమునకు పిలిచెను. భోజనమైన పిమ్మట రంగు తడియారని యొక విశాలమైన గోడను జూపి యిట్లనెను: "సార్, ఈ గోడకు పాత తుపాకులు పెట్టిద్దామనుకుంటున్న. దొరికినయన్నీ పెడితే పాతసామాను దుకాణం లెక్క కనబడతది. ఏదన్న ఒక వరుస ఉండాలె. మీరు చదువుకున్నోళ్లు. ఏ వరుస బాగుంటదో చెప్పండి."

మాకు మొదట కోపమే వచ్చెను. గోడ నిండ పుస్తకములు పెట్టింపరాదా యనబోయి, అన్నముపెట్టిన యింట అంతమాట యెందుకని యూరకుంటిమి. ఇల్లు చేరి యోచింపగా, ఆ ప్రశ్నయందు మా శిష్యుడు తానెరుగని వివేకమొకటి యున్నదని తోచెను. వస్తువులు ప్రోగుచేయువారు మన దేశమున పెక్కుమంది కలరు; ఏ సూత్రమున వానిని గ్రుచ్చవలెనని యడుగువారు అరుదు. ఆ ప్రశ్నకు అతడు తానే మూడు సమాధానములు తెచ్చుకొని యుండెను. ఆ మూడింటిని ఖండించుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదటిది వేట తుపాకుల వరుస. ఆంగ్లదేశపు పేరుగల కార్ఖానాల జంటగొట్టముల తుపాకులు, నడుమ పులితల, క్రింద దుప్పికొమ్ములు. ఇది గడీల గోడల అనుకరణము తప్ప మరేమియు గాదు. దొర వేటకు పోయినప్పుడు మృగములను తోలుటకు డప్పులతో అడవిలో నిలిచినవా రెవరు? కూలిలేని వెట్టివాండ్రు. తుపాకి దొరది, గురి దొరది, పటమున కాలుమోపి నిలుచుట దొరది. పులి యెదుటికి ముందుగా పోవుట మాత్రము వారిది. భూపాలపల్లి అడవులలోని పాండవులగుట్ట రాళ్లమీద అక్షరమెరుగని కాలపువారు ఎర్రరంగుతో మృగములను చిత్రించిపోయిరి. వారు ఆ మృగములను చూచిన కన్నులకును, మృగము తలకోసి గోడకు దిగగొట్టినవాని కన్నులకును ఎంత దూరమో పాఠకులే చూడగలరు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఆ వేట నేరమైనది. నేరముగా మారిన వినోదమును గోడమీద పూజించుట యేల?

రెండవది నవాబుల ఆయుధముల వరుస. మా శిష్యుడు హైదరాబాదున సాలార్జంగు మ్యూజియమున ఆయుధశాలను చూచివచ్చినవాడు. మూడవ సాలార్జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో కాలముచేయగా, ఆయన సేకరించిన వస్తువులు 1951 డిసెంబరులో ప్రజల దర్శనమునకు తెరవబడినవి. ఆయన ధనము ఆయనకే చెల్లెను. ఆయనవలె ప్రోగుచేయబూనినవాడు ఎంత ఖర్చుపెట్టినను ఆ మ్యూజియమున కొక మూలనైనను సరిరాడు. మరియు పిడికి పొదిగిన రత్నమును చూచు కన్ను అలుగును చూడదు. నగిషీ తుపాకిని చూచి "అబ్బ, ఎంత పనితనము!" అందుము గాని, అది యెవరివైపు గురిపెట్టబడెనో అడుగము. హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ యను పేట మీదుగా దినదినము వేలజనులు పోవుదురు. 1786లో రేమండ్ అను ఫ్రెంచి సేనాని నిజాముకొరకు అచ్చట ఫిరంగులు పోతపోయించెనని వారిలో ఎందరికి తెలియును? పేరు మిగిలి ప్రశ్న పోయినది.

మూడవదానిని వినగానే మాలోని సంస్కృతపు పంతులు మేల్కొనెను. "మన శాస్త్రాలల్ల తుపాకి ఉన్నదట గద సార్! అవి పెడితే గౌరవం" అనెను. ఉన్నదన్నమాట నిజమే. శుక్రనీతియందు నాళికయనియు అగ్నిచూర్ణమనియు వర్ణనలు కలవు. సురేకారము, గంధకము, బొగ్గు కలుపు పాళ్లు సైతము చెప్పబడినవి. మదరాసున సంస్కృతాచార్యుడైన ఆపర్టు దొర 1880లో దీనిని పట్టుకొనియే ప్రాచీనహిందువులకు తుపాకులు కలవని వాదించెను. కాని నేడు మనకు లభించు శుక్రనీతి అంత ప్రాచీనము కాదనియు, పందొమ్మిదవ శతాబ్దమున కూర్చబడినదనియు పెక్కు పండితులు నిర్ణయించిరి. తుపాకిని చూచినవాడు తుపాకిని వర్ణించెను. అందు ఆశ్చర్యమేమి? మన పూర్వులు వ్యాకరణమున, గణితమున లోకమునకు గురువులైరి. ఆ గౌరవము చాలక చంపు యంత్రముకూడ మనమే కనిపెట్టితిమని చెప్పుకొను దారిద్ర్యము మనకేల పట్టవలెనో మాకు బోధపడదు.

ఇంతకంటె మేలైన వరుస యొకటి కలదు. దానికి ఘనమైన దృష్టాంతమున్నది. ఆక్స్‌ఫర్డులోని పిట్ రివర్స్ మ్యూజియమును స్థాపించిన సేనాధిపతి 1850 ప్రాంతమున సైన్యమున రైఫిళ్ల పరీక్షలో పనిచేయుచు, తుపాకి యంత్రము ఒక్కుమ్మడిగా గాక మెట్టుమెట్టుగా ఎట్లు మారినదో చూపుటకు తుపాకులు సేకరింప నారంభించెను. ఆ బీజమే పెరిగి, సకలజాతుల పనిముట్లతో, 1884లో విశ్వవిద్యాలయమునకు దానమాయెను. వత్తి తుపాకి, చెకుముకి తుపాకి, టోపీ తుపాకి, వెనుకనుండి తూటా నింపు తుపాకి: ఇట్లు నాలుగింటిని వరుసగా నిలిపినచో బాలురకు మూడువందలేండ్ల యంత్రచరిత్ర బోధపడును. మా శిష్యుడు దీనిని కోరియుండినచో మేము సగము ఒప్పుకొనియుందుము. సగమేల యన, ఆ వరుసయందు ఇనుము మారుచుండును గాని, దానిని పట్టిన చేయియు, దాని యెదుట నిలిచిన రొమ్మును కానరావు.

మా పక్షము సూటిగా చెప్పెదము. జనగామవాడు జనగామ తుపాకులనే యెన్నుకొనవలెను. ఒక తాలూకా, ఆరేండ్లు: 1946 మొదలు 1951 వరకు. అంతకంటె పెద్ద విషయము అతని గోడకు అక్కరలేదు.

1946 జులై 4వ తేదీన కడవెండిలో, విసునూరు దేశముఖు మనుష్యులు ఊరేగింపుమీద తుపాకులు కాల్చగా దొడ్డి కొమరయ్య నేలకూలెను. ఊరేగింపువారి చేతనున్నవి గుతుపలు, వడిసెలలు. అక్కడికి దగ్గరిదైన పాలకుర్తిలో చాకలి అయిలమ్మ తన పంటను దొర మనుష్యులకు దక్కనీయక నిలిచినది తుపాకితో కాదు. అప్పుడు జనగామ తాలూకాలోనిదై, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోనున్న బైరాన్‌పల్లిలో గ్రామస్థులు బురుజెక్కి, వడిసెలలతోను భర్మారులతోను రజాకార్లను ఒకటికి రెండుమార్లు తరిమిరి. తుదకు 1948 ఆగస్టు 27న రజాకార్లు సర్కారు బలగముతోను ఫిరంగితోను వచ్చి ఊరిని చంపిరి. ఆ బురుజు నేటికిని నిలిచియున్నది. చూడనివారు పోయి చూడవలెను.

ఇక భర్మారు సంగతి. అది గొట్టపుమూతినుండి నింపెడు నాటుతుపాకి. ముందు మందు పోయవలెను. గుడ్డపీలికయో పీచో కుక్కవలెను. రవ్వలో గుండో వేసి ఇనుపకడ్డీతో దట్టించవలెను. వెనుక టోపీ పెట్టి గుఱ్ఱము నెత్తవలెను. ఇంతచేసి ఒక్కమారు ప్రేల్చిన, మరల నింపుటకు అరనిమిషమునకు తక్కువ పట్టదు. వాన తగిలిన మందు చల్లారును. ఆ అరనిమిషమును కాపాడినది వడిసెల. జొన్నచేనిలో పిట్టలను తోలు ఆ త్రాటిపేటనుండి నేర్పరి రాయి వెంట రాయి విసరగలడు. కావున భర్మారును ఒంటరిగా గోడకు తగిలించుట అబద్ధము. దానిప్రక్క వడిసెల యుండవలెను, గుతుప యుండవలెను, రోకలి యుండవలెను, కారపుపొడి ముంత యుండవలెను. తుపాకుల సేకరణమున సగము తుపాకులు కాకపోవుటయే మేము కోరు వరుసయొక్క లక్షణము.

దీనిపై ఆక్షేపణలు రాకపోవు. మా మిత్రులలో అహింసావ్రతులొకరు, "తుపాకి యేదైనను కరగించి నాగలికర్రు చేయింపుడు, కథ పుస్తకమున నుండనిండు" అనిరి. వారి హృదయము మాకు పూజ్యము. కాని మేము ఇరువదేండ్లుగా పాఠము చెప్పుచున్నవారము. తరగతిలో కడవెండి పేరు చెప్పిన బాలురు ఆవులింతురు. ఒక వడిసెలను చేతికిచ్చిన మరుక్షణమున ప్రశ్నలు వర్షించును. బరువు చేతికి తెలియనిదే భయము మనస్సునకు తెలియదు.

వేరొకరు, "1948 తరువాత గోదావరి అడవులలో, అటుపిమ్మట 1970 మొదలు మహబూబాబాదు, భూపాలపల్లి అడవులలో మ్రోగిన తుపాకుల మాట యేమి? అవియు తెచ్చిపెట్టుదురా?" అని యెకసక్కెముగా నడిగిరి. పెట్టము. ఆ గాయములుగల తల్లులు ఇంకను జీవించియున్నారు. వారి దుఃఖము హాలు గోడకు అలంకారము కారాదు. అదిగాక 303 రైఫిలును, వరుసగా ప్రేలు తుపాకులును పౌరులకు నిషిద్ధములు.

చట్టము సంగతి మా శిష్యునకు బొత్తిగా తెలియదు. ధనమున్నచోట చట్టమడుగు అలవాటు తక్కువ. 1959 ఆయుధచట్టమునకు 2019లో జరిగిన సవరణవలన ఒక మనుష్యుడు రెండు తుపాకులకు మించి ఉంచుకొనరాదు, అంతకుముందు మూడు. తాతలనాటివైనను ఈ లెక్కలోనివే. ఉత్సవములలో గాలిలోనికి కాల్చి యితరుల ప్రాణమునకు అపాయము తెచ్చినవానికి రెండేండ్లవరకు కారాగారమో, లక్షవరకు జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. పెండ్లి బారాతుల బాబులు ఇది గమనింతురుగాక. కాలముచెల్లిన నమూనాది, పురావస్తువు, చెడిపోయినది, వీనిలో ఏదైనను బాగుచేసినను బాగుచేయకున్నను కాల్చుటకు పనికిరానిదైననే చట్టము దానిని విడిచిపెట్టును. "బాగుచేసినను" అన్నమాట ముఖ్యము. అటుకమీద దొరకిన భర్మారును కమ్మరియొక్కడు దినములో బాగుచేయగలడు. కావున అది పురాతనమను నెపము చెల్లదు. అధికారులకు తెలిపి అనుమతి పొందినగాని తాకరాదు. ఇంకొక అపాయము: పాత భర్మారులలో ఎన్నడో నింపిన మందు అట్లే యుండవచ్చును. లోనికి పోవు కడ్డీ పొడవును గొట్టపు పొడవుతో పోల్చిన తెలియును గాని, ఆ పరీక్ష నేర్చినవారే చేయవలెను. చింతపండుతో తోమి తళతళలాడించుట మరియొక మూర్ఖత. ఆ మెరుగుతో చేతిగుర్తులు, కమ్మరిగుర్తులు అన్నియు పోవును.

రెండే తుపాకులన్న నియమమును మా శిష్యుడు విఘ్నమనుకొనెను. మేమది వరమనుకొనుచున్నాము. రెండే యున్నప్పుడు ప్రతిదానిక్రింద వ్రాయుటకు చోటుండును: ఎవరింటిది, ఎవరు చేసినది, ఎవరివైపు ప్రేలినది, ఎవరు చెప్పగా తెలిసినది. చెప్పగల వృద్ధులు ఏటేట తరిగిపోవుచున్నారు. తుపాకి కొనుటకంటె వారి మాటలు వ్రాసికొనుట తొందరపని. మరియు దసరానాడు ఆ తుపాకికి కుంకుమబొట్టు పెట్టి సాగిలపడుట మానవలెను. నాగలికి మ్రొక్కుట మేమెరుగుదుము. మనుష్యుని చంపినదానికి మ్రొక్కుట మాత్రము మా యింటివారు చేయరు.

ఇదంతయు మేము అతనికి జాబు వ్రాసితిమి. పదునైదు దినములు ఉలుకు పలుకు లేదు. తరువాత తెలిసినదేమన, అతని పితామహుడు ఆ రోజులలో ఒక గడీలో లెక్కలు వ్రాసిన గుమాస్తా. ఇంటనున్న ఒక్క తుపాకియు ఆ గడీనుండి వచ్చినదే. ఒకనాటి సాయంకాలము అతడు ఫోనున మాటలాడెను. "అట్ల పెడితే, మా తాత ఏ దిక్కున్నడో గూడ రాయాలెనా సార్?" అని యడిగెను.

వ్రాయవలెనంటిమి. "అమ్మ నడగాలె" అనెను. ఆ గోడ యింకను ఖాళీగనే యున్నదట.