నేల వాళ్లది, తప్పు వీడిది

చమురు రిగ్ మీద ఎవరైనా జారి పడితే విచారణలో ఏం తేలుతుందో ముందే చెప్పొచ్చు: కార్మికుడి అజాగ్రత్త. మందూ సిద్ధమే: ఇంకో సేఫ్టీ క్లాసు, ఇంకో పోస్టరు. ఈ వాదన పాతది. అమెరికాలో బీమా కంపెనీ ఉద్యోగి హైన్రిక్, నూటికి 88 ప్రమాదాలకు మనుషుల తప్పుడు పనులే కారణమని 1931లో పుస్తకం రాశాడు. ఆయన ఆధారపడ్డది బీమా కాగితాల మీద, యజమానుల నివేదికల మీద. తప్పెవరిదని యజమానిని అడిగితే ఇంకేం రాస్తాడు?

రిగ్ ఫ్లోర్ ఎందుకు జారుతుందో చూడండి. బావిలోంచి డ్రిల్ పైపును మూడేసి కలిపి, దాదాపు 90 అడుగుల చొప్పున లాగి విప్పుతారు. లోపల మడ్, అంటే డ్రిల్లింగ్‌కు వాడే బెంటొనైట్ బురద, నిండి ఉంటే, జాయింటు విప్పగానే ఆ జిగురంతా కాళ్ల మీద పడుతుంది. లాగేముందు స్లగ్, అంటే కొంచెం బరువైన మడ్, పంపితే పైపులో మట్టం దిగి పైపు పొడిగా వస్తుంది. అది కుదరనప్పుడు జాయింటు చుట్టూ మడ్ బకెట్ బిగించి గొట్టంలోకి మళ్లించాలి. స్లగ్‌కు టైము పడుతుంది, రిగ్ అద్దేమో రోజుల లెక్క. బకెట్ సీళ్లు అరిగితే కారుతుంది. కొత్తవి తెప్పించే అధికారం ఫ్లోర్ మీద కూలీకి లేదు. పన్నెండు గంటల షిఫ్టు చివర ఆ మడ్‌లో నిలబడి టాంగ్ (పైపు విప్పే పెద్ద పట్టుకారు) లాగేవాడికి 'చూసుకు నడువు' అనడం, గుమ్మంలో నూనె ఒలకబోసి చుట్టాన్ని తప్పుపట్టడమే.

అజాగ్రత్త మనుషులే లేరా? ఉన్నారు, ఆఫీసుల్లోనూ ఉన్నారు. అక్కడ మడ్ కారదు, అంతే.

ఇక 'ప్రమాదం లేని రోజులు' బోర్డు. అంకె సున్నాకి పడకూడదంటే కాలు బెణికినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి డ్యూటీ రాస్తే సరి. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ పేలి 11 మంది చనిపోయిన రోజున, గాయంతో పనిదినం పోకుండా ఏడేళ్లు గడిచినందుకు మెచ్చుకుంటూ కంపెనీ పెద్దలు ఆ రిగ్ మీదే ఉన్నారు!

1995లో బావి బద్దలై మంటలెగసిన పాశర్లపూడి కోనసీమలో అందరికీ గుర్తే. నడుం విరిగి ఇంటికెళ్లిన కాంట్రాక్టు కూలీకి మంటలుండవు, కెమెరాలూ రావు.

స్లగ్ పంపారా, బకెట్ సీళ్లు ఎప్పుడు మార్చారు, ఫ్లోర్ డ్రెయిన్ పూడిందా? ఇవి అడగని విచారణ నివేదిక మీద డ్రిల్లింగ్ తెలిసిన ఇంజనీరు సంతకం పెట్టకూడదు.