సాఫ్ట్‌వేర్ చూపించే వోల్టేజ్ చూసి పవర్ సప్లై మార్చేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి

పోయిన ఏడాది నా రూమ్మేట్ చేత అనవసరంగా నాలుగున్నర వేలు ఖర్చు పెట్టించాను. వాడి పీసీ గేమ్ ఆడుతుంటే మధ్యలో టప్పున రీస్టార్ట్ అయ్యేది. బ్లూ స్క్రీన్ లేదు, ఎర్రర్ మెసేజ్ లేదు. రూమ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని నేనొక్కణ్ణే కాబట్టి అందరూ నా వైపే చూశారు. ఒక మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే 12 వోల్ట్‌ల లైన్ దగ్గర 10.87 అని ఉంది. "అంతే రా, ఎస్‌ఎంపీఎస్ పోయింది" అని తీర్పు ఇచ్చేశా. కొత్తది వచ్చింది, బిగించాం, మళ్లీ అదే సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేశాం. 10.87. పాయింట్ తర్వాత అంకె కూడా మారలేదు!

అప్పుడు గానీ నాకు బుర్ర పనిచేయలేదు. తప్పు పవర్ సప్లైది కాదు, అది కొలుస్తున్న పద్ధతిది.

మదర్‌బోర్డ్ మీద ఒక చిన్న మానిటరింగ్ చిప్ ఉంటుంది. అది 12 వోల్ట్‌లను నేరుగా కొలవలేదు. రెండు రెసిస్టర్‌లతో ఆ వోల్టేజ్‌ని తగ్గించి, తగ్గిన దాన్ని కొలుస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ అంకెను ఏదో ఒక సంఖ్యతో గుణించి మనకు చూపిస్తుంది. ఎంతతో గుణించాలన్నది ఒక్కో బోర్డ్‌కి ఒక్కోలా ఉంటుంది. ఆ లెక్క సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకి సరిగ్గా తెలియకపోతే మీకు కనిపించేది ఉత్త అంకె, వోల్టేజ్ కాదు. కొన్ని పీసీల్లో 12 వోల్ట్‌ల లైన్ 8 వోల్ట్‌లు అని, 5 వోల్ట్‌ల లైన్ 3 అని చూపించడం ఇందుకే. నిజంగా 8 వోల్ట్‌లే ఉంటే ఆ స్క్రీన్ చూడ్డానికి పీసీ ఆన్ అయ్యి ఉండేది కాదు కదా! బయోస్‌లో కనిపించేది కాస్త నయం, ఎందుకంటే ఆ లెక్క బోర్డ్ తయారు చేసినవాళ్లే వేస్తారు. కానీ బయోస్‌లో ఉన్నప్పుడు గ్రాఫిక్స్ కార్డ్ ఖాళీగా కూర్చుని ఉంటుంది. లోడ్ లేనప్పుడు బాగున్న వోల్టేజ్, గేమ్‌లో కూడా బాగుంటుందని గ్యారంటీ లేదు.

ఇంతకీ ఎంత ఉండాలి? ఏటీఎక్స్ స్టాండర్డ్‌లో మామూలుగా చూసే లిమిట్ 5 శాతం అటూ ఇటూ. అంటే 12 వోల్ట్‌ల లైన్ 11.4 నుంచి 12.6 మధ్య, 5 వోల్ట్‌లది 4.75 నుంచి 5.25 మధ్య, 3.3 వోల్ట్‌లది సుమారు 3.14 నుంచి 3.47 మధ్య ఉండాలి. మైనస్ 12 వోల్ట్‌ల లైన్‌కి 10 శాతం వరకు వెసులుబాటు ఉంది, దాని గురించి ఈ రోజుల్లో పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. మీరు కన్నేయాల్సింది 12 వోల్ట్‌ల మీదే. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ కరెంట్ ఎక్కువగా లాగేది అక్కడి నుంచే.

నా సలహా, ఒక మల్టీమీటర్ కొనుక్కోండి. కోఠీలో అయినా, ఆన్‌లైన్‌లో అయినా ఐదారొందల్లో పనికొచ్చేది దొరుకుతుంది. డీసీ 20 వోల్ట్‌ల రేంజ్‌లో పెట్టండి. ఎర్ర వైరు 10 ఆంప్స్ అని రాసి ఉన్న రంధ్రంలో మాత్రం పెట్టకండి, అలా పెట్టి కొలిస్తే నేరుగా షార్ట్ చేసినట్టే. కొలవడానికి అన్నిటికంటే ఈజీ చోటు ఖాళీగా వేలాడుతున్న నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్. మధ్యలో రెండూ గ్రౌండ్, ఒక చివర 12, ఇంకో చివర 5. ఈ మధ్య వైర్లన్నీ నల్లగానే వస్తున్నాయి కాబట్టి పసుపు, ఎరుపు అని వెతుక్కోకుండా ఇలా గుర్తుపెట్టుకోవడమే మేలు. నల్ల ప్రోబ్ మధ్యలో, ఎర్ర ప్రోబ్ చివర పెట్టండి. ప్రోబ్ మొనలు పక్క పిన్నుకి తగలకుండా చూసుకోండి. ముందు ఖాళీగా ఉన్నప్పుడు ఒక రీడింగ్, తర్వాత పీసీలో ఒక స్ట్రెస్ టెస్ట్ నడుస్తుండగా ఇంకో రీడింగ్ తీసుకోండి. అసలు విషయం ఆ రెండో రీడింగ్‌లోనే ఉంది. 12.1 కాస్తా 11.9కి వస్తే కంగారేం లేదు. 11.3కి జారితే ఆ పవర్ సప్లైకి సెలవు చెప్పే టైమ్ వచ్చినట్టే. 11.42 వస్తే మాత్రం తీర్పు ఇచ్చే తొందర వద్దు, చవక మీటర్‌లో ఆ మాత్రం తేడా మీటర్‌దే కావచ్చు. లోపలి బ్యాటరీ వీక్ అయితే ఈ మీటర్లు తప్పుడు అంకెలు చూపిస్తాయి కూడా.

పేపర్ క్లిప్‌తో పవర్ సప్లైని విడిగా ఆన్ చేసి "ఫ్యాన్ తిరుగుతోంది, అంతా ఓకే" అనే టెస్ట్ ఒకటుంది. దాని వల్ల తెలిసేది ఫ్యాన్ తిరుగుతోందని మాత్రమే.

మల్టీమీటర్‌కీ కనబడనిది ఒకటుంది, రిపుల్. అంటే ఆ డీసీ మీద సన్నగా వణుకుతూ ఉండే అల. 12 వోల్ట్‌ల లైన్‌లో ఇది 120 మిల్లీవోల్ట్‌లు, 5, 3.3 లైన్లలో 50 మిల్లీవోల్ట్‌లు దాటకూడదు. దీన్ని చూడాలంటే ఆసిలోస్కోప్ కావాలి, మన ఇళ్లల్లో ఉండదు. అందుకే మీటర్‌లో 12.05 వచ్చినంత మాత్రాన అది మంచి పవర్ సప్లై అయిపోదు. డబ్బా మీద ఉన్న 80 ప్లస్ స్టిక్కర్ కూడా ఈ సంగతి చెప్పదు, అది గోడ నుంచి లాగిన కరెంట్‌లో ఎంత వృథా అవుతోందన్న లెక్క మాత్రమే. మన యూట్యూబ్ రివ్యూల్లో డబ్బా విప్పి, స్టిక్కర్ చూపించి, కేబుల్స్ మెత్తగా ఉన్నాయని మెచ్చుకుని ముగించేస్తున్నారు. లోడ్ పెట్టి ఒక్క వోల్టేజ్ రీడింగ్ చూపిస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?

ఇంకో మాట. అంకె నచ్చలేదని పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్ట్‌లకు పైగా నిలిచి ఉండొచ్చు.

అన్నట్టు, మా రూమ్మేట్ పీసీ కొత్త పవర్ సప్లైతో కూడా రీస్టార్ట్ అవుతూనే ఉంది. చివరికి మల్టీమీటర్ తెచ్చి కొలిస్తే, పాతదీ కొత్తదీ రెండూ ఫుల్ లోడ్‌లో 12 దగ్గరే నిలబడ్డాయి. పీసీ ప్లగ్ తీసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టిన రోజు నుంచి సమస్య లేదు. దోషి నూట యాభై రూపాయల ఎక్స్‌టెన్షన్ బోర్డ్, లోపల సాకెట్ లూజ్. ఆ పాత పవర్ సప్లై ఇప్పుడు నా పీసీలో ఉంది. వాడు నాలుగున్నర వేల సంగతి ఇంకా గుర్తు చేస్తూనే ఉంటాడు.