పీట మీద రాణి పాఠాలు

వంటల పేజీ పక్కన కుక్క కబుర్లేమిటని ముక్కున వేలేసుకోకండి. నేనూ మీలాంటి దాన్నే. పోయిన సంక్రాంతి ముందు మా ఇంట్లో జరిగింది వింటే మీకే తెలుస్తుంది.

మా అబ్బాయి ముచ్చటపడి తెచ్చిన లాబ్రడార్ పిల్ల, రాణి. వాడు చదువుకని బెంగుళూరు వెళ్ళిపోయాడు, రాణి నా వాటాకొచ్చింది. ఏడాదిన్నరకే 30 కిలోలు! మాది బోయిన్‌పల్లి. తెల్లవారకముందే కూరగాయల మార్కెట్‌కి లారీలూ ఆటోలూ వరస కడతాయి. ఒకనాడు నాకు జ్వరమని అత్తయ్యగారు దాని గొలుసు పట్టుకుని గేటు దాకా వెళ్ళారు. ఎదురుగా పిల్లి. అంతే! ఆవిడ మణికట్టు విరిగింది, 6 వారాలు కట్టు. "పండగలోపు దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్" అన్నారు మావారు. తప్పేముంది లెండి, కన్నతల్లాయె.

మా వీధి చివర మిలిటరీలో రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. గోడు వెళ్ళబోసుకున్నాను. "గొలుసు గుంజితే అదీ గుంజుతుందమ్మా. నీ ఎడమకాలి పక్కన దానికో చోటుందని ముందు నేర్పు" అన్నారాయన. దాన్నే హీల్ అంటారట. కుక్క భుజం మన ఎడమకాలికి సమంగా ఉండాలి, ముఖం మనం చూసే వైపే ఉండాలి. సిపాయికి కుడిచేతిలో తుపాకి ఉంటుంది గనక కుక్క ఎడమపక్కన అన్నారు.

ఇది ఆటల పోటీ కూడానట! 1933లో అమెరికాలో హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అనే ఆవిడ, తన పూడుల్ కుక్కలు సోకులకే పనికొస్తాయన్న మాట పడలేక అక్కడ తొలిపోటీ పెట్టించింది. ఇప్పుడక్కడ మొదటి మెట్టు దాటాలన్నా 200 మార్కులకు 170 రావాలి. వంకరగా కూర్చుంటే మార్కులు కోత. మనం ఇంటర్లో 35తో గట్టెక్కిన వాళ్ళం!

ఇక పాఠం. కుక్కకి తన వెనకకాళ్ళ సంగతి పట్టదండీ. ముందు కాళ్ళు ఎటుపోతే అవీ అటే. అందుకే పీట. అత్తయ్యగారు "భోజనాల పీట మీద కుక్క కాళ్ళా!" అని కేకలేశారనుకోండి. అటక మీది పాత పీట దించాను, 4 అంగుళాల ఎత్తుంటుంది. జారకుండా కింద గోనెపట్టా వేశాను. ముందుకాళ్ళు రెండూ పీట మీద పెడితే శనగగింజంత ఉడికిన చికెన్ ముక్క. (ఉప్పూ కారం లేకుండా ఉడికించండి. ఉల్లి, వెల్లుల్లి, కిస్‌మిస్ కుక్కలకు విషం. కూరలోంచి ముక్క తీసి పెట్టకండి.) రెండు మూడు రోజుల్లో పీట కనబడితే చాలు, ఎక్కి నిలబడేది.

అప్పుడు నేను దాని కుడిపక్కన నిలబడి, పీట చుట్టూ దాని ముక్కు వైపు ఒక చిన్న అడుగు వేసేదాన్ని. ముందుకాళ్ళు పీట మీదే ఉంచి, వెనకభాగాన్ని నా కాలి దగ్గరకు జరుపుకోవాలి. ఒక్క వెనకకాలు కదిలినా సరే, ఆ క్షణానే "ఆఁ" అని ముక్క పెట్టాలి. ఆలస్యమైతే దేనికిచ్చామో దానికి తెలీదు. పూటకి 3 నిమిషాలు, పప్పు కుక్కర్ ఎక్కించి విజిల్ వచ్చేదాకా. అంతకు మించితే దానికీ విసుగే, మనకీ విసుగే.

నేను చేసిన తప్పులు చెప్తాను, మీరు చెయ్యకండి. ముక్క కుడిచేత్తో ఇచ్చాను. దాంతో రాణి ఆ చేతి కోసం నా ముందుకి వంకర తిరిగేది. ఎడమచేత్తో, ఎడమతొడ పక్కనే ఇవ్వాలి. రెండోది చీర. కుచ్చిళ్ళలో నా కాలు ఎటు కదులుతోందో దానికి కనబడదు. అమ్మాయి పాత చుడీదార్ తొడుక్కున్నాక సగం పని తేలికైంది. ఇక మూడోది, తెలుగులోనే నేర్పుదామని "పక్కకి" అన్నాను. పనమ్మాయిని "పక్కకి జరుగు" అన్నప్పుడల్లా రాణి పరుగెత్తుకొచ్చి నా పక్కన నిలబడేది! హీల్ అనే ఖాయం చేశాం.

నెల తిరిగేసరికి పీట తీసేశాను. ఎదురుగా ఉన్నదాన్ని ఖాళీ ఎడమచేత్తో దారి చూపించి పక్కకి తిప్పి, వచ్చాక ముక్క. ఏటవాలుగా నిలబడకుండా మా ప్రహరీ గోడ సాయం చేసింది. నాకూ గోడకీ మధ్య దాని ఒళ్ళు పట్టేంతే జాగా. తర్వాత ఉత్త మాటకే వచ్చింది. గేటు అవతల మాత్రం మళ్ళీ మొదటికే! ఆటోల చప్పుడులో పీటతో సహా అన్నీ కొత్తగా చెప్పాల్సొచ్చింది.

భోగినాడు గేటు తీశాం. అదే పిల్లి. రాణి బిగుసుకుంది. నా గుండె ఆగినంత పనైంది. "హీల్" అన్నాను. ఒక్క క్షణం అటే చూసి, గిర్రున తిరిగొచ్చి నా ఎడమపక్కన కూర్చుంది. వంకరగానే కూర్చుంది, పోటీలో అయితే మార్కులు పోయేవి. మావారు వరండాలోంచి చూసి ఏమీ అనలేదు. సాయంత్రం పావుకిలో చికెన్ తెచ్చి వంటగట్టు మీద పెట్టారు.

అత్తయ్యగారు ఇప్పటికీ గొలుసు ముట్టుకోరు. నేనూ అడగను.